పందొమ్మిదో గురువారం

ఆ ఇంట్లో ముందు లేచేది అక్క. పాలు కాచి, రెండు గ్లాసుల్లో టీ పోసి, ఒకటి తను తాగుతూ రెండోదాని మీద మూత పెట్టేది. చెల్లెలు లేచేసరికి అది సగం చల్లారిపోయి ఉండేది. "వేడిగా కావాలంటే వేళకి లేవాలి" అనేది అక్క. ఇరవై ఏళ్ళుగా అదే మాట. ఆ తర్వాత ఇద్దరూ తలుపు తాళం వేసి, మూడంతస్తుల మెట్లు దిగి, వీధి చివరిదాకా కలిసి నడిచి అక్కడ విడిపోయేవాళ్ళు. అక్క ఎడమకి తిరిగి మందుల షాపుకి వెళ్ళేది. చెల్లెలు కుడికి తిరిగి కట్టుడు పళ్ళు తయారుచేసే లాబుకి వెళ్ళేది.

"పెద్దావిడ మందులమ్ముతుంది, చిన్నావిడ మందు తాగుతుంది. ఆ ఇంటికేం లోటు?" అని కింది వాటావాళ్ళు నవ్వుకునేవాళ్ళు. మెట్లెక్కుతూ అక్క ఆ మాట చాలాసార్లు విన్నది. తలొంచుకుని పైకి వెళ్ళిపోయేది.

అక్కకి యాభై నాలుగు, చెల్లెలికి నలభై ఆరు. అక్క పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలి పెళ్ళి ఏడాదిన్నర నిలిచింది. అది తెగిపోయాక ఒక పెట్టెతో వచ్చి అక్క దగ్గర దిగింది. అప్పుడు మొదలైంది తాగుడు. మొదట్లో ఆదివారాలు. తర్వాత సాయంత్రాలు. ఆ తర్వాత వేళాపాళా లేదు.

చేతిలో పనితనం మాత్రం ఉంది. పళ్ళ డాక్టర్లు జనం దవడల అచ్చులు తీసి పంపితే, వాటిని ప్లాస్టరులో పోతపోసి, గులాబీరంగు మైనం మీద ఒక్కొక్క పన్నూ నిలబెట్టేది. స్పిరిట్ దీపం మీద చిన్న కత్తి వేడిచేసి మైనాన్ని చిగుళ్ళలా దిద్దేది. దవడ చూసి ఆ మనిషి ఏ పక్క నములుతాడో, నిద్రలో పళ్ళు కొరుకుతాడో లేదో చెప్పేది. కానీ పదకొండు గంటలయ్యేసరికి వేళ్ళు వణికేవి. వణుకు ఆగడానికి ఫ్లాస్కులోంచి రెండు గుక్కలు తాగేది. ఆ ఫ్లాస్కులో టీ లేదని లాబులో అందరికీ తెలుసు.

ఒకసారి సంగీతం చెప్పే ఒకావిడకి చేసిన పళ్ళు వంకరపోయాయి. ఆవిడ పాడబోతే ఈల వచ్చింది. లాబు యజమాని ఆ పళ్ళ సెట్టు తెచ్చి చెల్లెలి బల్ల మీద పెట్టాడు.

"పెద్దాసుపత్రి వెనకవైపు ఒక గది ఉంది. గురువారం గురువారం తాగేవాళ్ళని చూస్తారట. వెళ్తావా, మానేస్తావా?"

"మానేస్తాను సార్."

"నేనడిగింది తాగుడు గురించి కాదమ్మా, ఉద్యోగం గురించి. వెళ్తావా?"

చెల్లెలు వెళ్ళింది.

ఆ గదిలో ఒక బల్ల, ఆరు కుర్చీలు, గోడకి ఆనించి ఆకుపచ్చ రంగు ఇనప అల్మరా ఉన్నాయి. ఆ గదిని నడిపేది ఒక నర్సమ్మ. రిటైరయ్యే వయసు, కాళ్ళకి వాపు, నోటికి అడ్డు లేదు. ఆవిడ చిన్న మీటరొకటి చేతికిచ్చి పద్ధతి చెప్పింది.

"ఇందులో ఊదాలి. సున్నా వస్తే నువ్వు వెళ్ళి ఆ అల్మరా తెరుచుకోవచ్చు. నీకో బహుమతి ఉంటుంది. వారం వారం సున్నా వస్తూ ఉంటే బహుమతి పెరుగుతూ ఉంటుంది. మధ్యలో తాగావా, మళ్ళీ చిన్నదాంతో మొదలు. తిట్టం, కొట్టం, ఇంటికి చీటీ పంపం. సరేనా?"

"ఏం బహుమతి?"

"నీదే ఏదో ఒకటి. తాగినప్పుడు పారేసుకున్నవి ఉంటాయి కదా."

మొదటి గురువారం చెల్లెలికి సున్నా రాలేదు. అల్మరా తెరిచి చూస్తే దూది, కట్టుగుడ్డలు తప్ప ఏమీ లేవు. రెండోవారం పంటి బిగువున ఉంది. చెమటలు పట్టాయి, కలలో బల్లులు పాకాయి, అక్క రాత్రంతా తల తడిగుడ్డతో తుడిచింది. గురువారం ఊదితే సున్నా వచ్చింది. అల్మరా తెరిచింది. మధ్య అరలో నీలం గుండీ ఒకటి ఉంది. ఎప్పుడో బారు గుమ్మంలో పడినప్పుడు స్వెటరు నుంచి ఊడిపోయిన గుండీ.

"గుండీయా?" అంది చెల్లెలు.

"మొదటివారం అంతేనమ్మా. కుట్టుకో" అంది నర్సమ్మ, పుస్తకంలో పేరు పక్కన ఒకటి వేస్తూ.

ఇంటికి తీసుకొస్తే అక్క సూదీదారం తీసి అప్పటికప్పుడు కుట్టేసింది. "ఇన్నాళ్ళూ అక్కడ గాలి దూరేది" అంది.

రెండో సున్నాకి ఎడమ కాలి చెప్పు వచ్చింది. దాని జతని పారేసి నాలుగేళ్ళయింది. మూడోవారం గొడుగు. అయిదోవారం అక్క చేతి గడియారం, ఒక సాయంత్రం అడిగి పెట్టుకెళ్ళి ఎక్కడో విప్పి పెట్టేసింది. ఎనిమిదోవారం తనకి పని నేర్పిన ముసలాయన ఇచ్చిన మైనం దిద్దే కత్తి. పన్నెండోవారం అమ్మ కప్పుకునే ఊలు శాలువ. అది బస్సులో పోయింది, అమ్మ పోయిన నెలలోనే. అక్క ఆ శాలువని మొహానికి ఆనించుకుని చాలాసేపు వంటింట్లో నిలబడిపోయింది.

గదికి వచ్చే మిగతావాళ్ళకీ వాళ్ళ వాళ్ళవి వచ్చేవి. లెక్కల మాస్టారికి వారం వారం పెన్నులే. "నేను పోగొట్టుకున్నది రెండంతస్తుల ఇల్లు. నాకొచ్చేది పెన్నులా?" అని ఆయన రుసరుసలాడేవాడు. "ఇల్లు అల్మరాలో ఎలా పడుతుంది మాస్టారూ?" అనేది నర్సమ్మ. రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన ఉండేవాడు. ఆయనకి నాలుగోవారం పైపళ్ళ సెట్టు వచ్చింది. చెల్లెలు దాన్ని తిప్పి చూసి, "ఇది నేను చేసిందే. మీరు ఎడమవైపు నములుతారు" అంది. డ్రైవరు పళ్ళు పెట్టుకుని నవ్వి చూపించాడు. గదిలో అందరూ నవ్వారు.

అక్క గురువారాల కోసం ఎదురుచూడ్డం మొదలుపెట్టింది. షాపు నుంచి అరగంట ముందొచ్చేసేది. చెల్లెలు వేళకి లేచి వేడి టీ తాగుతోంది. వేళ్ళు వణకడం లేదు. సంగీతం ఆవిడకి కొత్త పళ్ళు చేసిస్తే ఆవిడ లాబులోనే నిలబడి పాడింది. షాపు యజమాని సముద్రం దగ్గర ఊళ్ళో కొత్తగా పెట్టిన కొట్టు చూసుకోమని అక్కని నాలుగుసార్లు అడిగాడు. ప్రతిసారీ అక్క, "చెల్లెల్ని ఒక్కదాన్నే వదిలి ఎలా వెళ్ళను?" అనేది. ఈమధ్య మాత్రం, "చూద్దాం, ఇంకో ఏడాది పోనీ" అంటోంది.

పదిహేనోవారం ఒక సాయంత్రం అక్క గడియారం తుడుచుకుంటూ, "ఇది పెట్టుకునే రోజుల్లోనే ఆయన వచ్చేవాడు" అంది.

ఎవరో చెల్లెలికి తెలుసు. తూకాలాయన. దుకాణాల్లో త్రాసులూ రాళ్ళూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి ముద్రవేసి వెళ్ళే ఉద్యోగి. మందుల షాపులో పొడులు కలపడానికి చిన్న త్రాసు ఒకటి ఉంటే, దాన్ని చూడ్డానికి ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. మాట కూడా తూచి మాట్లాడేవాడు. ఆరేళ్ళలో ఆయనా అక్కా మాట్లాడుకున్న మాటలన్నీ కలిపితే ఒక ఉత్తరం కూడా నిండదు. తర్వాత వేరే ఊరు బదిలీ అయ్యాక ఆయన దగ్గర్నుంచి నిజంగానే ఒక ఉత్తరం వచ్చింది. పెళ్ళి చేసుకుంటారా అని అడిగాడు. అక్క ఆ రాత్రే జవాబు రాసింది. ఆ జవాబుకి ఆయన నుంచి ఏమీ రాలేదు. పదిహేడేళ్ళు గడిచాయి.

"వాడి మొహం మండ" అంది చెల్లెలు, ఎప్పుడూ అన్నట్టే. "అడిగినవాడు తనే, జవాబిచ్చాక మొహం చాటేసినవాడూ తనే. అంతకన్నా మంచివాళ్ళెవరో దొరికుంటారు. మగబుద్ధి!"

"పోనీలేవే. ఇష్టం లేకపోయింది. నేను రాసిన తీరు నచ్చలేదేమో. ఎందుకు తిట్టడం?"

"నువ్వు తిట్టవు కాబట్టే నేను తిడుతున్నా."

అక్క నవ్వేసింది. పెదాలు మాత్రమే కదిలే నవ్వు. చెల్లెలికి తెలిసిన అక్క నవ్వు అదే.

పందొమ్మిదో గురువారం వచ్చింది. చెల్లెలు ఊదింది. సున్నా. నర్సమ్మ తలూపింది. ఈసారేం పెద్ద వస్తువు ఉంటుందో అనుకుంటూ చెల్లెలు అల్మరా తెరిచింది.

మధ్య అరలో ఒక కవరు ఉంది. అంటించి ఉంది. స్టాంపు ఉంది. ముద్ర పడలేదు. మూల మీద గ్లాసు అడుగు పెట్టిన గుండ్రటి మరక ఉంది. మీద అక్క చేతిరాతలో తూకాల ఆఫీసు అడ్రసు, ఆయన పేరు.

చెల్లెలు కవరు పట్టుకుని అలాగే నిలబడింది. ఆ సాయంత్రం కొద్దికొద్దిగా గుర్తొచ్చింది. అక్కకి షాపులో పనెక్కువుంది. "దీన్ని ఇవాళే పోస్టులో వెయ్యవే, మర్చిపోకు" అని చేతికిచ్చింది. వాన పడుతోంది. పోస్టు డబ్బాకి ఎదురుగా బారు. వాన తగ్గేదాకా పది నిమిషాలు అనుకుని లోపలికి వెళ్ళింది. అంతే, ఆ తర్వాతది గుర్తులేదు. మర్నాడు పొద్దున అక్క, "వేశావా?" అంది. "వేశాను" అంది చెల్లెలు. ఆ రోజుల్లో ఎవరేమడిగినా చేశాననే చెప్పేది. చెప్పగా చెప్పగా అది తనకే నిజమైపోయింది.

"నర్సమ్మా, ఇది నాది కాదు."

నర్సమ్మ కళ్ళజోడు సవరించుకుని కవరు చూసింది. చెల్లెలి మొహం చూసింది. "పారేసింది నువ్వే కదా?" అంది మెల్లగా.

ఆ సాయంత్రం అక్క గుమ్మంలోనే, "ఇవాళేం వచ్చింది?" అని అడిగింది.

"ఏం లేదు. పాత రుమాలు."

"పందొమ్మిదోవారానికి రుమాలా? మీ నర్సమ్మకి లెక్కలు రావులే" అంది అక్క.

కవరు లాబులో, చెల్లెలి బల్ల సొరుగులో, పళ్ళ పెట్టెల కింద ఉండిపోయింది. చెప్పేద్దామని రోజూ అనుకునేది. వీధి చివర విడిపోయేటప్పుడు నోటిదాకా వచ్చేది. ఇంకా నాలుగడుగులు కలిసి నడిస్తే చెప్పేదే. కానీ అక్క గొడుగు వేసుకుని ఎడమకి తిరిగిపోయేది. ఇన్నాళ్ళకి అక్క మొహం కాస్త తేటపడింది, దాన్ని ఎలా చెడగొట్టను అనుకునేది. ఆ అనుకోవడంలో సగం అబద్ధమని కూడా తెలుసు. భయపడుతున్నది అక్క కోసం కాదు, తన కోసం.

ఇరవయ్యో గురువారం సున్నా వచ్చింది కానీ అల్మరా తెరవలేదు. "ఇవాళ వద్దు" అని వచ్చేసింది. సోమవారం మధ్యాహ్నం ఒక ముసలాయన దవడకి పళ్ళు పేరుస్తూ పేరుస్తూ కత్తి కింద పెట్టి, దీపం ఆర్పేసి, వీధి దాటి బారులోకి వెళ్ళింది. సాయంత్రానికి అక్క వచ్చేసరికి మంచం మీద చెప్పులతోనే పడుకుని ఉంది. అక్క చెప్పులు విప్పి పక్కన పెట్టింది. "ఇన్ని వారాలు!" అని ఒక్క మాట అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గురువారం మీటరులో అంకె పడింది. అల్మరాలో దూది, కట్టుగుడ్డలు.

"వచ్చేవారం మళ్ళీ ఒకటి. ఇరవై నిలబెట్టినదానివి ఒకటి నిలబెట్టలేవా?" అంది నర్సమ్మ.

చెల్లెలు సంచీలోంచి కవరు తీసి బల్ల మీద పెట్టింది. "దీన్ని మీరే తీసుకోండి. ఇంక మీ బహుమతులేవీ నాకొద్దు."

"ఇవ్వడమే తప్ప తీసుకోవడం ఆ అల్మరాకి తెలీదమ్మా. నాకూ తెలీదు."

బయట వరండాలో బస్సు డ్రైవరు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఒక ఎర్రరంగు స్కూలు బ్యాగు ఉంది. చెల్లెలు ఆయన పక్కన కూలబడింది. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఉండలేననిపించి ఉత్తరం సంగతి అంతా చెప్పేసింది. డ్రైవరు చివరిదాకా విన్నాడు. తర్వాత ఒళ్ళో బ్యాగు వైపు చూపించాడు.

"ఇది నాకు తొమ్మిదోవారం వచ్చింది. ఆడపిల్లది. లోపల పుస్తకాలు తడిసి అక్షరాలు పోయాయి. పేరు కూడా కనపడటం లేదు. నా బస్సులోనే మర్చిపోయిందో, మరేమైందో. ఏమైందో నాకు గుర్తులేదమ్మా." ఆయన బ్యాగు పట్టీ సరిచేశాడు. "నేను తిరిగిన రూటు మొత్తం నడిచి, ఇల్లిల్లూ తలుపు కొట్టి అడుగుతున్నా. ఈ బ్యాగు మీ పాపదేనా అని. ఎవరూ మాది అనడం లేదు. మాది అని ఎవరన్నా అంటారేమో అని తలుపు తలుపుకీ చస్తున్నా. అయినా అడక్కుండా ఉండలేను."

చెల్లెలు కవరుని మళ్ళీ సంచీలో పెట్టుకుంది.

"నువ్వు చెప్పాల్సిన మనిషి నీ ఇంట్లోనే ఉంది. తలుపు కొట్టే పని కూడా లేదు. వెళ్ళు" అన్నాడు డ్రైవరు.

అక్క అప్పుడే షాపు నుంచి వచ్చి, కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపుకుంది. చెల్లెలు నిలబడే చెప్పింది. కూర్చుంటే చెప్పలేనేమో అనిపించింది. చెప్పడం అయిపోయాక కవరు ఇచ్చింది.

అక్క అరవలేదు. కవరుని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. మరక మీద బొటనవేలితో రుద్దింది, అది పోతుందేమో అన్నట్టు.

"స్టాంపు కూడా అంటించే ఇచ్చాను" అంది.

"అవునక్కా."

"ఆ వేళ ఎంతసేపున్నావు అక్కడ?"

"గుర్తులేదు."

"గుర్తులేదు." అక్క తలెత్తింది. "ఎంత సుఖమే నీకు! నాకు మాట మాటా గుర్తుంది. తెరిచి చూడక్కర్లేదు, విను. 'మీ ఉత్తరం అందింది. మీరు అడిగినదానికి నేను సరే అంటున్నాను. ఇలాంటివి ఎలా రాయాలో నాకు తెలియదు, తప్పులుంటే మన్నించండి. వచ్చే ఆదివారం షాపుకి సెలవు. మీరు వస్తే ఇంట్లోనే ఉంటాను.' ఇంతే రాశాను. ఆ ఆదివారం ఇంట్లోనే ఉన్నాను. ఆ పై ఆదివారం కూడా. ఎన్ని ఆదివారాలున్నానో నీకేం తెలుసు, నువ్వు పడుకుని ఉండేదానివి."

"అక్కా, నన్ను కొట్టు. తిట్టు."

"దేనికి? నువ్వు నీ తృప్తికి అడుగుతున్నావు" అంది అక్క. లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

మర్నాడు పొద్దున టీ గ్లాసు మీద మూత ఉంది. అక్క లేదు. ముందే వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి వీధి చివరిదాకా చెల్లెలు ఒక్కతే నడిచింది. అక్క వంట ఇద్దరికీ చేసేది, కంచాలు రెండూ పెట్టేది, మాట్లాడేది కాదు. గురువారం సున్నా వచ్చింది. అల్మరాలో ఒక తలపిన్ను దొరికింది. తెచ్చి బల్ల మీద పెడితే అది అక్కడే ఉండిపోయింది. ఆ పై గురువారం ఒక చెంచా వచ్చింది. దాన్నీ అక్క తాకలేదు.

తాగాలని ఎంతగా అనిపించిందో చెల్లెలు ఎవరికీ చెప్పలేదు. తాగితే ఒక పూటైనా, 'ఎంత సుఖమే నీకు' అని అక్క అన్న మాట వినపడకుండా పోతుంది. కానీ అలా వినపడకుండా పోయిన పూటలే కదా ఇదంతా చేసింది అని తోచేది. బల్ల అంచు పట్టుకుని కూర్చునేది. ముసలాయన దవడకి పళ్ళన్నీ ఊడదీసి మళ్ళీ మొదటి పన్ను నుంచి పేర్చింది.

అక్క ఆ పాత కవరుని విప్పకుండా, అలాగే కొత్త కవరులో పెట్టి, తనే స్వయంగా వెళ్ళి పోస్టు చేసింది. ఆ సంగతి చెల్లెలికి జవాబు వచ్చినరోజునే తెలిసింది. నాలుగు వారాలకి వచ్చింది జవాబు. అక్క చదువుకుని, మడిచి, వంటింటి గడప దగ్గర నిలబడి ఉన్న చెల్లెలికి అందించింది.

"చదువు. పైకి చదువు."

చెల్లెలు చదివింది. పొందికైన అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు.

'నమస్కారం. మీ ఉత్తరం ఆఫీసువాళ్ళు నా ఇల్లు వెతికి పంపగా అందింది. నేను పోయినేడు రిటైరయ్యాను. ఆ రోజుల్లో మీ జవాబు కోసం రెండు నెలలు, పోస్టుమాన్ వచ్చే వేళకి భోజనానికి లేవకుండా కూర్చునేవాణ్ణి. రాకపోయేసరికి, అడగడమే మీకు నచ్చలేదనుకున్నాను. రెండో ఉత్తరం రాయడానికి ధైర్యం చాలలేదు. అది నా తప్పు. తర్వాత రెండేళ్ళకి పెళ్ళి చేసుకున్నాను. ఆమె మంచి మనిషి. మాకు ఒక అమ్మాయి. మీ ఉత్తరం ఆమెకి చూపించాను. చదివి, పారెయ్యకండి, దాచుకోండి అంది. ఒక మాట చెప్పాలి. మీ షాపు త్రాసు ఎప్పుడూ సరిగ్గానే ఉండేది. రూలు ప్రకారం ఏడాదికి ఒక్కసారి చూస్తే చాలు. నేను రెండుసార్లు వచ్చేవాణ్ణి.'

చివరి మాట దగ్గర చెల్లెలు ఆగిపోయింది. అక్క, "పూర్తిగా చదువు" అంది. మళ్ళీ చదివింది.

అక్క ఉత్తరం తీసుకుని మడతలు సరిచేసింది. కళ్ళు తడిగా లేవు. మొహం కడుక్కున్నంత ప్రశాంతంగా ఉంది.

"సముద్రం ఊరి కొట్టుకి వెళ్తానని ఇవాళ చెప్పేశాను" అంది. "వచ్చే నెల ఒకటో తారీకు."

"నేనింక ముట్టుకోనక్కా. ఒట్టు. నువ్వు చూస్తూ ఉండు."

"నువ్వు తాగుతావని వెళ్ళడం లేదే. విను. నన్నొకాయన వద్దన్నాడు అనుకుని పదిహేడేళ్ళు తలొంచుకుని తిరిగాను. నాలో ఏదో వంక ఉందనుకున్నా. చెల్లెల్నైనా చూసుకుందాం, అంతకన్నా నేనెందుకు పనికొస్తాను అనుకున్నా. వద్దనలేదట. భోజనం మానేసి కూర్చున్నాడట." అక్క ఉత్తరాన్ని కవరులో పెట్టింది. "ఇప్పుడు తలెత్తుకుని నడవడం నేర్చుకోవాలి. అది నీ పక్కన కుదరదు."

చెల్లెలు నేల మీద కూర్చుండిపోయింది. అక్క ఆమెని లేవదియ్యలేదు. గ్యాసు పొయ్యి మీద పాలు పొంగబోతే మంట తగ్గించింది.

వెళ్ళేరోజు పెట్టె చెల్లెలే మోసింది. మూడంతస్తులూ దించింది. వీధి చివర ఈసారి ఇద్దరూ ఎడమకే తిరిగారు. బస్సు స్టాండులో అక్క కిటికీ పక్క సీటులో కూర్చుంది. ఏదో ఒకటి చెప్పాలని చెల్లెలు కిటికీ ఊచ పట్టుకుంది.

"శాలువ తీసుకెళ్ళావా? అక్కడ గాలి ఎక్కువట" అంది చివరికి.

"తీసుకున్నా. చెయ్యి తియ్యి, బస్సు కదులుతోంది" అంది అక్క.

బస్సు స్టాండు బయట వరసగా మూడు బార్లు. పొద్దున పదిన్నరకే తలుపులు తీశారు. చెల్లెలు మూడింటి ముందు నుంచీ నడిచి, లాబుకి వెళ్ళకుండా, ఆసుపత్రి వెనక గదికి వెళ్ళింది. నర్సమ్మ కట్టుగుడ్డలు చుట్టుకుంటోంది.

"ఇవాళ మంగళవారం" అంది ఆవిడ.

"తెలుసు. కాసేపు కూర్చుంటాను."

నర్సమ్మ కుర్చీ జరిపింది. ఒక కట్టుగుడ్డ కొస చెల్లెలి చేతికిచ్చింది. ఇద్దరూ సాయంత్రం దాకా చుట్టారు.

తర్వాత వారాలు గడిచాయి. అల్మరాలోంచి వస్తువులు వస్తూనే ఉన్నాయి. దువ్వెన, టార్చిలైటు, నాన్న కళ్ళజోడు, అంచు కుట్టని చీర ఒకటి. చెల్లెలు వాటిని అక్క గదిలో అరల్లో సర్దేది. అడిగేవాళ్ళు లేరు, వస్తువులే ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉండేవి. పొద్దున ఒక్క గ్లాసు టీ పెట్టుకుని నిలబడే తాగేది. అక్కకి మూడు ఉత్తరాలు రాసింది. జవాబు రాలేదు. జవాబు రాకపోతే ఎలా ఉంటుందో తెలిసింది. పోస్టుమాన్ మెట్లెక్కుతున్న చప్పుడు వింటే భోజనం మధ్యలో చెయ్యి ఆగిపోయేది.

ఒక మధ్యాహ్నం లాబు ఫోను మోగింది. యజమాని పిలిచి రిసీవరు అందించాడు.

"నేనే" అంది అక్క.

చెల్లెలు గోడకి ఆనుకుంది. "అక్కా."

"ఎన్నో వారం?"

"పధ్నాలుగు."

అటువైపు నుంచి గాలి హోరు వినపడింది.

"నా కోపం పోలేదు" అంది అక్క. "పోతుందో లేదో కూడా తెలీదు. అది నీకు చెప్పకుండా ఉత్తరాలకి మంచిమంచి జవాబులు రాయడం నాకు చేతకాలేదు. అందుకని రాయలేదు. అర్థమైందా?"

"అర్థమైంది."

"వారం తప్పకు."

"తప్పనక్కా. నువ్వెలా..."

"ఉండు, ఎవరో వచ్చారు."

రిసీవరు చెక్క బల్ల మీద పెట్టిన చప్పుడు. చెల్లెలు చెవి గట్టిగా ఆనించింది. ఎవరో ముసలాయన దగ్గుతూ మందు పేరు చెప్తున్నాడు. పేరు సగమే పలుకుతున్నాడు. అక్క, "అది కాదండీ, మీరు చెప్పేది గుర్రాలకి వేస్తారు" అంటోంది. ముసలాయన, "అయితే అదే ఇవ్వమ్మా, పరిగెడతాను" అన్నాడు. అక్క నవ్వింది. ఒక్కసారిగా, గలగలా, ఊపిరి అందనంతగా నవ్వింది. కొట్టులో మిగతావాళ్ళు కూడా నవ్వారు. వాళ్ళకది రోజూ వినే నవ్వులా ఉంది.

మైనం చల్లారిపోతోందని పక్కబల్ల వాళ్ళు సైగ చేశారు. చెల్లెలు చూడలేదు. అక్క ఫోను సంగతి మర్చిపోయింది. ఇంకొకరికి ఏదో పొట్లం కడుతూ, రోజుకి రెండు, తిన్నాక, అని చెప్తోంది. చెల్లెలు చప్పుడు చెయ్యకుండా, రిసీవరు రెండు చేతులతో పట్టుకుని, లైను తెగిపోయేదాకా వింటూ నిలబడింది.